ఒక్క కార్డు ఆట బ్యాలెన్స్‌ని చెడగొడుతోందా? తేల్చుకుని సరిచేసే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

"ఆ కార్డు మరీ ఎక్కువైపోయింది, మన గ్రూపులో బ్యాన్ చేసేద్దామా?" కలెక్టిబుల్ కార్డ్ గేమ్స్ ఆడేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఎక్కువగా ఓడిపోయిన రోజు సాయంత్రమే అడుగుతారు కాబట్టి, ముందు ఆ వేడి తగ్గాక కూర్చుని ఈ మెట్లు వరసగా ఎక్కమని నా సలహా. ఉదాహరణలన్నీ దాదాపు మేజిక్: ది గాథరింగ్ నుంచే తీసుకుంటున్నాను. ఏ కార్డుని ఎప్పుడు, ఎందుకు ఆపారో ఆ ఆటలో తేదీలతో సహా బయటికి చెబుతారు, అందుకని నేర్చుకోవడానికి అంత మంచిది ఇంకోటి లేదు. పోకెమాన్ ఆడినా, యూ-గి-ఓ ఆడినా, ఫోన్లో హార్త్‌స్టోన్ ఆడినా పద్ధతి మాత్రం ఇదే.

ఒక్క మాట ముందే అనుకుందాం. బలమైన కార్డులు ప్రతి ఆటకీ కావాలి, అవి లేకపోతే డెక్ (మనం ఏర్చుకున్న కార్డుల కట్ట) కట్టే సరదానే ఉండదు. మనం తేల్చాల్సింది ఏంటంటే, ఈ కార్డు వచ్చాక టేబుల్‌కి రెండు వైపులా ఉన్నవాళ్లకి చేయడానికి ఇంకా ఎన్ని పనులు మిగిలాయి అన్నది. కింద చెప్పే ప్రతి మెట్టూ దాన్ని కొలవడానికే.

1. మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- అనుమానం ఉన్న కార్డు పూర్తి టెక్స్ట్, దాని మీద ఉన్న తాజా రూలింగులు (దాన్ని ఎలా ఆడాలో చెప్పే అధికారిక వివరణలు). గుర్తున్నంత వరకు చాలులే అనుకోవద్దు.
- కనీసం నాలుగు డెక్‌లు: ఆ కార్డు ఉన్నది ఒకటి, మొదటి టర్న్ నుంచే దాడి చేసేది ఒకటి, నిదానంగా అన్నిటినీ అడ్డుకునే కంట్రోల్ డెక్ ఒకటి, మధ్యస్తంగా ఆడేది ఒకటి.
- దాదాపు సమానంగా ఆడగలిగే ఇద్దరు లేదా నలుగురు.
- స్లీవ్‌లు (కార్డులకి తొడిగే ప్లాస్టిక్ కవర్లు), తెల్ల కాగితం ముక్కలు, పెన్ను.
- ఒక నోటుబుక్ లేదా ఫోన్లో స్ప్రెడ్‌షీట్.

కాగితం ముక్కలు ఎందుకంటే, ఖరీదైన కార్డు గ్రూపులో ఒక్కరి దగ్గరే నాలుగు కాపీలు ఉండి మిగతావాళ్ల దగ్గర ఒక్కటీ లేకపోవడం మనకి మామూలే. రమ్మీలో జోకర్ ఎంత బలమైనదైనా అందరికీ ఒకే కట్టలోంచి వస్తుంది, ఇక్కడ మాత్రం ఎవరి డెక్ వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకుంటారు, అసలు చిక్కు అక్కడే ఉంది. కాబట్టి పరీక్ష కోసం మాత్రం కార్డు పేరు, ఖర్చు, టెక్స్ట్ కాగితం మీద రాసి స్లీవ్‌లో పెట్టి, కావాల్సిన అందరికీ ఆ కార్డు ఇచ్చేయండి. అందరి దగ్గరా ఉన్నప్పుడు గొడవ సద్దుమణిగితే మీ సమస్య బ్యాలెన్స్ కాదు, డబ్బు. దానికి బ్యాన్ మందు కాదు, కార్డులు పంచుకుని ఆడటమో, కాగితం కార్డులకి ఒప్పుకోవడమో చేయాలి. చాలా గ్రూపుల్లో వ్యవహారం ఇక్కడితోనే తెమిలిపోతుంది.

2. కార్డుని ఒక లెక్కలా చదవండి

కార్డు పేరు, బొమ్మ, దాని మీద మీకున్న కోపం అన్నీ పక్కన పెట్టి ఈ నాలుగు ప్రశ్నలకి కాగితం మీద జవాబు రాయండి.

- ఎంత ఖర్చుకి ఎంత వస్తోంది? ఎన్నో టర్న్‌లో వస్తోంది?
- అదే పని మళ్లీ మళ్లీ చేయగలదా, ఒక్కసారేనా?
- దాని మీద రాసి ఉన్న ఇబ్బంది నిజంగా ఇబ్బందేనా?
- ఎదుటివాడు దాన్ని తీసేసినా మనకి ఏదో ఒకటి మిగులుతుందా?

మూడో ప్రశ్నకి స్కల్‌క్లాంప్‌ని మించిన ఉదాహరణ లేదు. 2004 ఫిబ్రవరిలో డార్క్‌స్టీల్ సెట్‌లో వచ్చింది. ఖర్చు 1 మానా (కార్డు దింపడానికి కట్టే శక్తి), క్రీచర్‌కి (మన తరఫున పోట్లాడే జీవి కార్డుకి) తొడగడానికి ఇంకో 1 మానా. తొడిగిన క్రీచర్‌కి +1/-1 వస్తుంది, అంటే దాడి బలం ఒకటి పెరిగి, దెబ్బ తట్టుకునే శక్తి (టఫ్‌నెస్) ఒకటి తగ్గుతుంది, ఆ క్రీచర్ చచ్చిపోతే మీరు రెండు కార్డులు తీసుకుంటారు. పైపైన చూస్తే ఆ -1 నష్టంలా కనిపిస్తుంది. కానీ 1/1 క్రీచర్‌కి తొడిగారనుకోండి, దాని టఫ్‌నెస్ సున్నా అయి అక్కడికక్కడే చస్తుంది, మీ చేతికి రెండు కార్డులు వస్తాయి. అంటే ఒక్క మానాకి, పనికిరాని ఒక చిన్న క్రీచర్‌కి బదులు రెండు కార్డులు, అదీ ఒకే టర్న్‌లో ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు. నష్టం అని రాసిందే ఇంజిన్ అయి కూర్చుంది. 2004 జూన్‌లోనే స్టాండర్డ్‌లో, అంటే కొత్త సెట్లతో మాత్రమే ఆడే ఫార్మాట్‌లో (ఏ కార్డులు వాడొచ్చో చెప్పే ఆట రకంలో), దాన్ని బ్యాన్ చేశారు.

రెండో ప్రశ్నకి నాడు, వింగ్డ్ విజ్‌డమ్ చూడండి. 2024 జూన్‌లో మోడర్న్ హొరైజన్స్ 3లో వచ్చింది. మూడు మానాకి ఎగిరే 3/4. మీ క్రీచర్లలో దేన్నైనా స్పెల్‌తోనో ఎబిలిటీతోనో టార్గెట్ చేస్తే డెక్ పై కార్డు తిప్పి చూసి, అది ల్యాండ్ (మానా ఇచ్చే కార్డు) అయితే నేరుగా టేబుల్ మీదికి, కాకపోతే చేతికి. "ఒక టర్న్‌లో రెండుసార్లే" అని హద్దు కూడా పెట్టారు. అయితే ఆ హద్దు మొత్తం మీద కాదు, ప్రతి క్రీచర్‌కీ విడివిడిగా రెండుసార్లు. పక్కన షుకో అనే పరికరం ఉంటే దాన్ని తొడగడానికి ఖర్చు సున్నా. ఇక క్రీచర్లు ఎన్ని ఉంటే దానికి రెట్టింపు సార్లు ఉచితంగా తిరుగుతుంది. తయారీ చివర్లో టెక్స్ట్ మార్చామనీ, ఆ మార్పుని ఆడి పరీక్షించలేదనీ డిజైనర్లే తర్వాత చెప్పారు. 2024 ఆగస్టు 26న మోడర్న్‌లో (ఇంకా పాత కార్డుల్ని కూడా ఒప్పుకునే ఫార్మాట్‌లో) బ్యాన్ అయింది. దీన్నుంచి తీసుకోవాల్సిన అలవాటు: హద్దు రాసి ఉంటే అది దేనికి హద్దో వేలు పెట్టి చదవండి, ఆ తర్వాత ఫార్మాట్‌లో ఖర్చు సున్నా ఉన్న కార్డులన్నీ వెతికి పక్కన పెట్టి చూడండి.

ఇక నాలుగు ప్రశ్నల్లోనూ దొరికిపోయేది ఓకో, థీఫ్ ఆఫ్ క్రౌన్స్. 2019 అక్టోబరులో థ్రోన్ ఆఫ్ ఎల్డ్రెయిన్ సెట్‌తో వచ్చిన ప్లేన్స్‌వాకర్ (టర్న్‌కి ఒక శక్తి వాడుకునే సహాయకుడి కార్డు). మూడు మానా, లాయల్టీ (దాని ప్రాణం లెక్క) 4తో మొదలు. +2 వాడితే లాయల్టీ రెండు పెరిగి, ఒక ఫుడ్ టోకెన్ (ఆటలో పుట్టే ఆర్టిఫాక్ట్, అంటే వస్తువు) వస్తుంది. +1 వాడితే ఏ క్రీచర్‌నైనా, ఆర్టిఫాక్ట్‌నైనా శక్తులన్నీ పోగొట్టి ఉత్త 3/3 ఎల్క్‌గా మారుస్తుంది. వచ్చిన టర్న్‌లోనే లాయల్టీ 6కి చేరిపోతుంది, తర్వాతి టర్న్‌లో ఆ ఫుడ్డే 3/3 క్రీచర్ అవుతుంది. ఎదుటివాడు ఏడు మానా పోసి దింపిన రాక్షసుడైనా ఓకోకి ఒక ఎల్క్, అంతే. మొదటి టర్న్‌లో గిల్డెడ్ గూస్ దింపితే, అది తెచ్చే ఫుడ్‌తో ఇంకో మానా పుట్టించి రెండో టర్న్‌కే ఓకో వచ్చేస్తాడు. తీసేసినా వెనక ఫుడ్డో ఎల్కో మిగిలే ఉంటుంది.

3. ఎంత తరచుగా చేతికి వస్తుందో లెక్కేయండి

కార్డు ఎంత బలమైనదైనా పది ఆటల్లో ఒకసారి కనిపిస్తే దాని ప్రభావం వేరు, ఆటాటకీ కనిపిస్తే వేరు. 60 కార్డుల డెక్‌లో:

- 4 కాపీలు ఉంటే మొదటి 7 కార్డుల్లో కనీసం ఒకటి వచ్చే అవకాశం దాదాపు 40 శాతం.
- అవే 4 కాపీలు, 10 కార్డులు చూసేసరికి దాదాపు 53 శాతం.
- 2 కాపీలు అయితే మొదటి 7లో దాదాపు 22 శాతం.
- ఒక్క కాపీ అయితే దాదాపు 12 శాతం.

ఈ అంకెలు పక్కన రాసి ఉంచుకోండి, 8వ మెట్టులో అవసరం పడతాయి. డెక్‌లోంచి ఆ కార్డుని వెతికి తెచ్చే కార్డులు ఉంటే వాటిని కూడా కాపీల కిందే లెక్కేయాలి, లేకపోతే అవకాశం తక్కువ అనిపించి మోసపోతారు.

4. మార్చి ఆడించే పరీక్ష

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, ఎక్కువమంది ఎగ్గొట్టేదీ ఇదే.

ముందు ఆ కార్డు ఉన్న డెక్‌తో మిగతా మూడు డెక్‌లని ఆడించండి. తర్వాత అదే డెక్‌లో ఆ కార్డు మాత్రమే తీసి, దాదాపు అంతే ఖర్చున్న మామూలు మంచి కార్డు పెట్టి, అవే డెక్‌ల మీద మళ్లీ ఆడించండి. మిగతా 56 కార్డులు ముట్టుకోవద్దు. ఆ రెండు ఫలితాల తేడానే కార్డు బలం. తీసేశాక కూడా డెక్ అంతే గెలుస్తుంటే బలం వేరే చోట ఉంది.

ఆడేటప్పుడు పాటించాల్సినవి:

- మొదట ఎవరు ఆడాలన్నది ఆటకొకసారి మార్చండి. ముందు ఆడేవాడికి ఉండే లాభం కార్డు ఖాతాలో పడకూడదు.
- సగం ఆటలయ్యాక డెక్‌లు చేతులు మార్చుకోండి. గెలుస్తోంది మనిషా, డెక్కా అన్నది అప్పుడే తెలుస్తుంది.
- ఎదుటి డెక్‌లకి సైడ్‌బోర్డ్ (ఆటకీ ఆటకీ మధ్య మార్చుకునే అదనపు కార్డులు) కూడా ఇచ్చి కొన్ని ఆటలు ఆడించండి. అడ్డుకునే కార్డు ఉన్నప్పుడు కూడా గెలుస్తోందా అన్నది విడిగా రాసుకోవాలి.

5. ఏం రాసుకోవాలి, ఎన్ని ఆటలు చాలు

ప్రతి ఆటకీ ఒక వరస: ఎవరు ముందు ఆడారు, కార్డు చేతికి వచ్చిందా, ఏ టర్న్‌లో దిగింది, ఎదుటివాడు దానికి జవాబు చెప్పగలిగాడా, ఎవరు గెలిచారు. ఇంతకంటే ఎక్కువ రాయబోతే మూడో ఆటకే విసుగొచ్చి మానేస్తారు.

చూడాల్సిన మొదటి అంకె: కార్డు చేతికి వచ్చిన ఆటల్లో గెలుపు శాతం, రాని ఆటల్లో గెలుపు శాతం. ఈ రెండింటి మధ్య దూరం చాలా చెబుతుంది.

రెండు వైపులా అదే కార్డు ఉన్న ఆటల్ని, అంటే మిర్రర్ మ్యాచ్‌లని, గెలుపు లెక్కలోంచి తీసేయండి. అలాంటి ఆటలో ఆ డెక్ ఒకటి గెలుస్తుంది, ఒకటి ఓడుతుంది, అంటే ఎప్పుడూ 50 శాతమే. అందరూ అదే డెక్ తెస్తుంటే మొత్తం అంకె 50 దగ్గరే ఆగి, అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు ఎన్ని ఆటలు? 20 ఆటల్లో వచ్చిన శాతం అటూ ఇటూ 22 దాకా ఊగుతుంది, అంటే దాదాపు ఏమీ చెప్పదు. 100 ఆటలైతే అటూ ఇటూ 10, 400 అయితే 5. కాబట్టి 100 ఆటల్లో 55 గెలిచిందని బ్యాన్ చేయడం తొందరపాటు, 70 గెలిస్తే మాత్రం ఇక నమ్మొచ్చు. స్నేహితుల గ్రూపు 400 ఆటలు ఆడలేదు, నాకు తెలుసు. అందుకే తరువాతి మెట్టు ఉంది.

6. గెలుపు శాతం చెప్పని గుర్తులు

ఒక కార్డు ఆటని వంచేస్తోందంటే డెక్‌ల జాబితాల్లో ఆ వంకర కనబడుతుంది. ఆటలు తక్కువ ఆడినా ఇవి చూడొచ్చు:

- ఇరుకైన జవాబు కార్డులు సైడ్‌బోర్డ్‌లోంచి మెయిన్ డెక్‌లోకి వచ్చేశాయా? ఓకో రోజుల్లో నాక్షస్ గ్రాస్ప్ అనే కార్డుని మెయిన్ డెక్‌లోనే పెట్టుకున్నారు. మేజిక్ కార్డులకి రంగులుంటాయి, ఓకోలో ఆకుపచ్చ ఉంది; ఆ కార్డు ఆకుపచ్చ, తెలుపు క్రీచర్లనీ ప్లేన్స్‌వాకర్లనీ మాత్రమే చంపుతుంది. ఎదుటివాడు ఆకుపచ్చే తెస్తాడన్న నమ్మకం ఉంటే తప్ప అలా ఎవరూ పెట్టుకోరు.
- ఆ కార్డు కోసమే డెక్ రంగు మార్చుకుంటున్నారా?
- ఒక రకం కార్డులు మొత్తంగా మాయమయ్యాయా? ఓకో ఉన్నప్పుడు ఖరీదైన పెద్ద క్రీచర్లు ఆడటంలో అర్థమే లేకుండా పోయింది, ఎలాగూ ఎల్క్ అయిపోతాయి కదా.
- ఆ కార్డు దిగాక ఆట ఎప్పుడూ ఒకేలా సాగుతోందా? ప్రేక్షకుడు తర్వాత ఏం జరుగుతుందో ముందే చెప్పగలుగుతున్నాడా?

2019 నవంబరులో రిచ్‌మండ్‌లో జరిగిన మిథిక్ ఛాంపియన్‌షిప్ అనే పెద్ద మేజిక్ పోటీలో సగానికి పైగా డెక్‌లలో ఓకో ఉన్నాడు. ఆ నెల 18న స్టాండర్డ్‌లో బ్యాన్ అయ్యాడు. నా దృష్టిలో గెలుపు శాతం కంటే ఈ జాబితానే పెద్ద సాక్ష్యం. 52 శాతమే గెలుస్తున్నా సరే, పది రకాల డెక్‌లు ఉన్న చోట రెండు మిగిలాయంటే ఆట దెబ్బతిన్నట్టే.

7. అసలు దోషి ఎవరో తేల్చండి

దీన్ని హడావుడిగా దాటేస్తే పొరపాటున పక్క కార్డు మీద వేటు పడుతుంది.

హోగాక్ అనే కార్డు సంగతి చూడండి. 2019 జూన్‌లో మోడర్న్ హొరైజన్స్‌తో వచ్చింది: 8/8 ట్రాంపుల్ (అడ్డొచ్చినదాన్ని దాటి మిగిలిన దెబ్బ ఆటగాడికి తగులుతుంది), మానా ఖర్చు పెట్టే వీలే లేదు, బదులుగా క్రీచర్లని ట్యాప్ చేసి (పక్కకి తిప్పి), గ్రేవ్‌యార్డ్‌లో (వాడేసిన కార్డుల కుప్పలో) కార్డులు తీసేసి దింపాలి, పైగా గ్రేవ్‌యార్డ్‌లోంచి కూడా దింపొచ్చు. ఆ డెక్ అందరినీ తొక్కేస్తుంటే జూలై 8న బ్యాన్ చేసింది హోగాక్‌ని కాదు, దాని పక్కనున్న బ్రిడ్జ్ ఫ్రమ్ బిలోని. డెక్ నాలుగు కార్డులు మార్చుకుని మళ్లీ లేచింది, జూలై చివర్లో బార్సిలోనా మిథిక్ ఛాంపియన్‌షిప్‌కి ఎక్కువమంది తెచ్చింది దాన్నే. చివరికి ఆగస్టు 26న హోగాక్‌నీ, ఫెయిత్‌లెస్ లూటింగ్‌నీ కలిపి ఆపారు.

దీనికి ఎదురు కేసు కూడా ఉంది. 2004లో స్కల్‌క్లాంప్ పోయాక ఆర్టిఫాక్ట్‌లతో నిండిన అఫినిటీ డెక్ చచ్చిపోలేదు, ఎందుకంటే అక్కడ బలం ఒక్క కార్డులో లేదు, పునాదిలోనే ఉంది. 2005 మార్చిలో ఆర్క్‌బౌండ్ రావెజర్, డిసైపుల్ ఆఫ్ ది వాల్ట్, ఆర్టిఫాక్ట్ ల్యాండ్‌లు కలిపి ఎనిమిది కార్డులు ఆపాల్సి వచ్చింది.

మరి మీ కేసు ఏదో ఎలా తెలుస్తుంది? డెక్‌లో అనుమానం ఉన్న మూడు నాలుగు కార్డుల్ని ఒక్కొక్కటిగా తీసి 4వ మెట్టు పరీక్ష చేయండి. ఏది తీస్తే డెక్ కూలుతుందో అదే దోషి. ఏది తీసినా కూలకపోతే అఫినిటీ లాంటి కేసు. ఇంకో ఆధారం: ఆ కార్డు వేరే వేరే డెక్‌లలో కూడా గెలిపిస్తోందా? అలా అయితే దోషి అదే, ఇక వెతకక్కర్లేదు. ఓకో స్టాండర్డ్‌తో ఆగలేదు, పయనీర్, మోడర్న్, లెగసీ ఫార్మాట్లు అన్నిటిలోనూ ఒకదాని తర్వాత ఒకటి బ్యాన్ అయ్యాడు.

8. సరిచేయడం: తేలిక మందు నుంచి మొదలు

ఈ వరసలోనే ప్రయత్నించండి.

ఆగి చూడటం. కొత్త కార్డు వచ్చిన మొదటి వారాల్లో ఎదుటివాళ్లకి జవాబు ఇంకా దొరకలేదేమో. జవాబు కార్డులు ఉన్నాయా అని వెతికి, వాటితో ఆడి చూడండి. అయితే ఆగడానికి ఒక తేదీ పెట్టుకోండి.

కాపీలు తగ్గించడం. నాలుగు నుంచి ఒకటికి తగ్గిస్తే మొదటి చేతిలో 40 శాతం కాస్తా 12 అవుతుంది. వింటేజ్ ఫార్మాట్ దీని మీదే నడుస్తుంది. కానీ కొన్ని కార్డులకి ఇది పనిచేయదు. 2020లో లూరస్ అనే కార్డు కంపానియన్‌గా (తోడు కార్డుగా) డెక్ బయటే కూర్చుని ప్రతి ఆటకీ అందుబాటులో ఉండేది, దానికి కావాల్సింది ఒక్క కాపీనే కాబట్టి ఒకటికి తగ్గించినా ఏమీ మారదు, అందుకే వింటేజ్‌లో ఏకంగా బ్యాన్ చేయాల్సి వచ్చింది.

రూల్ మార్చడం. ఒక కార్డు కాక ఒక రకం మొత్తం ఇబ్బంది పెడుతుంటే ఇదే సరైన మందు. 2020 జూన్‌లో కంపానియన్ రూల్‌నే మార్చి, దాన్ని చేతిలోకి తెచ్చుకోవడానికి మూడు మానా కట్టాలన్నారు.

కార్డు టెక్స్ట్ మార్చడం. డిజిటల్ ఆటల్లో తేలిక. హార్త్‌స్టోన్‌లో అండర్‌టేకర్ అనే కార్డు, డెత్‌రాటిల్ (చచ్చినప్పుడు పనిచేసే శక్తి) ఉన్న మినియన్ (ఆ ఆటలో క్రీచర్) దిగినప్పుడల్లా +1/+1 పెరిగేది, 2015 జనవరిలో దాన్ని +1 అటాక్ మాత్రమే చేశారు. కాగితం కార్డుల మీద గ్రూపు సొంతంగా టెక్స్ట్ మార్చడం నేను వద్దంటాను, నెల తిరిగేసరికి ఏది మార్చామో ఎవరికీ గుర్తుండదు, కొత్తగా వచ్చినవాళ్లకి అసలే తెలియదు.

బ్యాన్. పైవేవీ సరిపోవని పరీక్షలో తేలితే సందేహించకుండా చేయండి, అది కూడా దోషినే.

9. తరచూ జరిగే పొరపాట్లు

*ఒక్క ఘోరమైన ఆట చూసి నిర్ణయం.* రెండో టర్న్‌కి ఓకో దిగిన ఆట అందరికీ గుర్తుంటుంది, దిగని ఆటలు గుర్తుండవు. నోటుబుక్ చూడండి.

*"రిమూవల్ ఉంది కదా, చంపెయ్" అనే వాదన.* రిమూవల్ అంటే ఎదుటి కార్డుని తీసేసే కార్డు. జవాబు ఉండటం ఒక్కటే చాలదు. జవాబుకి ఎంత ఖర్చు, ఎంత వేగంగా దిగుతుంది, చంపాక ఎదుటివాడికి ఏం మిగిలింది? మూడూ చూసి మాట్లాడాలి.

*కార్డు ఉన్నవాడి మీద కోపం.* అతను డబ్బు పెట్టి కొన్నాడు, రూల్ ప్రకారమే ఆడాడు. నిర్ణయం చర్చకి వచ్చినప్పుడు మొదట అతన్నే మాట్లాడనివ్వండి, పరీక్ష ఆటల్లో డెక్‌లు చేతులు మారేదాకా ఆ డెక్ అతన్నే నడపమనండి. దాన్ని బాగా ఆడటం అతనికే వచ్చు.

*ఒకేసారి రెండు మూడు మార్పులు.* ఏ మార్పు పనిచేసిందో తెలియకుండా పోతుంది. ఒకటి చేసి ఆడి, తర్వాత ఇంకోటి.

10. మార్చిన తర్వాత

పని ఇక్కడితో అవ్వలేదు. మార్పు చేసిన నాలుగైదు వారాల తర్వాత 6వ మెట్టులోని గుర్తుల్ని మళ్లీ చూడండి: మాయమైన డెక్‌లు తిరిగొచ్చాయా, మెయిన్ డెక్‌లోకి ఎక్కిన ఇరుకు జవాబులు సైడ్‌బోర్డ్‌కి దిగాయా, లేక ఖాళీ అయిన చోటుకి ఇంకో కార్డు వచ్చి కూర్చుందా. 2019 అక్టోబరు 21న స్టాండర్డ్‌లో ఫీల్డ్ ఆఫ్ ది డెడ్ అనే కార్డుని ఆపితే, ఆ ఖాళీని ఓకో నింపేశాడు, నెల తిరక్కుండానే ఇంకో బ్యాన్ కావాల్సి వచ్చింది.

గ్రూపు కోసం ఒక చిన్న పట్టిక పెట్టుకోండి:

- కార్డు పేరు
- ఏ తేదీన, ఏ చర్య తీసుకున్నాం
- కారణం, ఒక్క వాక్యంలో
- మళ్లీ ఎప్పుడు చూస్తాం

ఆఖరి గడి ఖాళీగా వదలొద్దు. కొత్త సెట్లు వచ్చేకొద్దీ ఒకప్పుడు భయపెట్టిన కార్డు మామూలైపోవచ్చు. జేస్, ది మైండ్ స్కల్ప్టర్‌నీ స్టోన్‌ఫోర్జ్ మిస్టిక్‌నీ 2011లో స్టాండర్డ్‌లో ఆపారు, మోడర్న్‌లో మొదట్నుంచీ బ్యాన్‌లోనే ఉంచారు. జేస్‌ని 2018 ఫిబ్రవరిలో, స్టోన్‌ఫోర్జ్‌ని 2019 ఆగస్టులో మోడర్న్‌లోకి వదిలారు. మీ పట్టికలో తేదీ వచ్చినప్పుడు ఆ కార్డుని పాత డెక్‌లో కాకుండా ఇప్పుడున్న డెక్‌లలో పెట్టి, 4వ మెట్టు నుంచి మళ్లీ ఆడించండి.